లారెన్స్‌లో ఆటకు ముందు

డాలస్ నుంచి కాన్సాస్ రాష్ట్రంలోని లారెన్స్‌కు కారులో దాదాపు ఎనిమిది గంటలు. గురువారం తెల్లవారుజామున బయలుదేరాం, నేనూ మా బాబాయి కొడుకూ. పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో సర్దుకున్నాం. ఈ దారిలో శాకాహారులకు ఇంతకన్నా మంచి ఏర్పాటు నాకు తెలియదు. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. చదివిన రెండేళ్లూ, మా బాస్కెట్‌బాల్ జట్టు ఆడే అలెన్ ఫీల్డ్‌హౌస్‌లో ఒక్క ఆట కూడా వదలలేదు. ఇప్పుడు ఏడాదికి ఒక్కసారే వెళ్లగలుగుతున్నాను. ఈ ఏడు ఆ ఒక్కసారికి ఎంచుకున్నది ఈ రోజు, 2024 నవంబరు 8న, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంతో జరిగే ఆట.

ఓక్లహామా దాటాక తమ్ముడు అడిగాడు: "అసలైన జాతీయ పోటీలు మార్చిలో కదా అన్నయ్యా? సీజన్ మొదలై వారం కూడా కాలేదు. ఈ ఆటకోసం ఇంత దూరం ఎందుకు?"

వాడికి జవాబు దారిలోనే దొరికింది. విచిటా దాటాక ఫ్లింట్ హిల్స్ మొదలవుతాయి. అడుగున రాయి ఉండటం వల్ల నాగలికి లొంగని నేల అది. కనుచూపు మేరా గడ్డి కొండలే, నవంబరులో అంతా రాగి రంగు. ఆ కొండలు ముగిసే చోట ఎంపోరియా. నార్త్ కరోలినాను కోచ్‌గా 36 ఏళ్లు నడిపించి 879 ఆటలు గెలిపించిన డీన్ స్మిత్ పుట్టిన ఊరు అదే. ఆయన చదివింది, ఆడింది కాన్సాస్‌లో. 1952లో ఛాంపియన్లయిన జట్టులో ఉన్నాడు. ఆయన గురువు అప్పటి కాన్సాస్ కోచ్ ఫాగ్ అలెన్. అలెన్‌కు గురువు సాక్షాత్తూ ఈ ఆటను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్. డీన్ స్మిత్ దగ్గర సహాయకుడిగా పనిచేసిన రాయ్ విలియమ్స్ 15 ఏళ్లు కాన్సాస్‌కు కోచ్‌గా ఉండి, 2003లో మళ్లీ నార్త్ కరోలినాకే వెళ్లాడు. ఒకే గురుపరంపరలోంచి వచ్చిన రెండు ఇళ్లు ఇవి. అందుకే ఇది నవంబరులో జరిగినా నాకు మార్చి ఆటే.

దారి సంగతి. కాన్సాస్ టర్న్‌పైక్ అనే టోలు రహదారి మీద ఈ జులై నుంచి టోలు బూత్‌లు లేవు, నగదు తీసుకోరు. డాలస్‌లో వాడే టోల్‌ట్యాగ్ అక్కడా పనిచేస్తుంది. ఎంపోరియా దగ్గర టర్న్‌పైక్ వదిలి, ఒటావా మీదుగా 59వ నంబరు రోడ్డు పట్టుకోవడం మేలు. టొపీకా చుట్టూ తిరిగే పని లేదు, కొంత టోలు కూడా మిగులుతుంది. విమానంలో వచ్చేవారు కాన్సాస్ సిటీలో దిగి, కారు అద్దెకు తీసుకుంటే గంటలోపే చేరతారు.

బస విషయంలో ఈసారి దెబ్బతిన్నాను. ఊరి అంచున హైవే పక్కన ఒక మోటెల్‌లో ఆగస్టులోనే గది తీసుకున్నాను. రాత్రి వెళితే, ఆటల వారాంతం కాబట్టి అదనంగా కట్టాలన్నారు. బుకింగ్ కాగితం చూపించి అరగంట వాదించాక పాత ధరకే ఇచ్చారు. గదిలో హీటరు అర్ధరాత్రి ఆగిపోయింది, బాగుచేసేవారు రాలేదు. నా సలహా: గది ఖాయమైనట్టు వచ్చిన సందేశాన్ని అచ్చువేసి దగ్గర పెట్టుకోండి, ముందు రోజు ఒకసారి ఫోను చేయండి.

డబ్బు గురించి ఆలోచించనక్కర్లేకపోతే ఊరి నడిబొడ్డున మసాచుసెట్స్ వీధిలోనే ఉండాలి. ఎల్‌డ్రిడ్జ్ హోటల్ ఆ వీధిలోనే ఉంది. బానిసత్వాన్ని వ్యతిరేకించినవారు కట్టుకున్న ఊరు ఇది. ఆ స్థలంలో ఉన్న మొదటి హోటలును 1856లో బానిసత్వాన్ని సమర్థించేవారు తగలబెట్టారు. మళ్లీ కట్టిన దాన్ని 1863లో ఆ పక్షానికే చెందిన క్వాంట్రిల్ ముఠా ఊరితో పాటు కాల్చింది. నాలుగేళ్ల కిందట అక్కడ ఒక రాత్రి ఉన్నాను. గదులు పెద్దవేమీ కావు, కానీ ఉదయం కిందికి దిగగానే ఊరంతా కాళ్ల ముందు ఉంటుంది. కుటుంబంతో వచ్చేవారికి మాత్రం కాన్సాస్ సిటీ శివారు ఊరైన ఓవర్‌ల్యాండ్ పార్క్ వైపు బస మంచిది. కె-10 రోడ్డు మీద అరగంట పైచిలుకు ప్రయాణం, టోలు లేదు. తెలుగువాళ్లు చాలామంది ఉన్న చోటు కాబట్టి పిల్లలకు ఇడ్లీ, దోసె కూడా దొరుకుతాయి.

ఈ ఉదయం తమ్ముణ్ణి ముందు డిబ్రూస్ సెంటర్‌కు తీసుకెళ్లాను. ఫీల్డ్‌హౌస్‌కు ఆనుకునే ఉంటుంది, ప్రవేశానికి డబ్బు అక్కర్లేదు. నైస్మిత్ 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో టైపు చేయించిన ఈ ఆట తొలి పదమూడు నియమాలు, ఆ అసలు కాగితాలు రెండూ అద్దం వెనక ఉన్నాయి. ఇక్కడే చదువుకున్న డేవిడ్ బూత్ 2010లో వేలంలో 43 లక్షల డాలర్లు పెట్టి కొని వీటిని లారెన్స్‌కు చేర్చాడు. పసుపు పట్టిన కాగితం మీద చేతి దిద్దుబాట్లు కూడా కనిపిస్తాయి. తమ్ముడు అక్కడ చాలాసేపు కదలకుండా నిలబడ్డాడు. లారెన్స్‌కు వచ్చి ఈ గదిలోకి వెళ్లకుండా తిరిగి వెళ్లేవారిని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. సమయం ఉంటే ఊరి తూర్పున నైస్మిత్ సమాధి కూడా చూడవచ్చు.

ఫీల్డ్‌హౌస్ గురించి ఎంత చెప్పినా తక్కువే. 1955 మార్చి 1న తెరిచారు, 15,300 మంది పడతారు. కొరియా యుద్ధ కాలంలో ఉక్కుకు కొరత ఉండటంతో, అది దొరకడం కోసం సైనిక శిక్షణకూ పనికొచ్చేలా గదులు కలిపి కట్టారు. బయటినుంచి చూస్తే సున్నపురాయి గోడల పెద్ద ధాన్యపు కొట్టంలా ఉంటుంది. లోపల బల్లలు ఇరుకు, మోకాళ్లు ముందువారి వీపుకు తగులుతాయి. మా టికెట్లు పై వరుసల్లో ఒక మూల. అక్కడినుంచి కూడా ఆట బాగానే కనిపిస్తుంది. ఇక శబ్దం. 2017లో ఇక్కడ నమోదైన 130.4 డెసిబెళ్లు పైకప్పున్న క్రీడాప్రాంగణాల్లో అప్పటికి ప్రపంచ రికార్డు. చిన్నపిల్లలను తెస్తే చెవులకు రక్షణ తప్పనిసరి.

కారు నిలపడం కష్టం. దగ్గరి స్థలాలన్నీ పాసులున్న దాతలవే. కారును దూరంగా వదిలి ఊరి బస్సులో రావచ్చు, ఓపిక ఉంటే మసాచుసెట్స్ వీధి నుంచి కొండ ఎక్కి నడవవచ్చు. పారదర్శకంగా లేని సంచులను లోపలికి రానివ్వరు.

ఇక ఆట. కాన్సాస్ ఇప్పుడు దేశంలో మొదటి ర్యాంకు, నార్త్ కరోలినా తొమ్మిది. సోమవారం హోవర్డ్ విశ్వవిద్యాలయం జట్టును 87-57తో ఓడించాం, కానీ ఆ గెలుపుతో ఏమీ తేలలేదు. ఈ రోజే మొదటి పరీక్ష. మా బలం హంటర్ డికిన్సన్, ఏడడుగుల రెండంగుళాల సెంటర్, అంటే బుట్ట దగ్గర ఆడేవాడు. అవతల వాళ్ల సెంటర్ అర్మాండో బేకాట్ చదువు ముగించుకుని వెళ్లిపోయాడు, అతని చోటు ఇంకా ఖాళీగానే ఉందని నా అంచనా. బంతిని బుట్ట దగ్గరికి పంపితే చాలు, వాళ్ల పొడుగాళ్లు తొందరగా ఫౌళ్లలో పడతారు.

నా భయం బుట్టకు దూరంగా ఆడేవాళ్ల గురించి. అవతలి ఆర్.జె. డేవిస్ గత సీజన్‌లో వాళ్ల కాన్ఫరెన్స్‌లో, అంటే వాళ్లు ఆడే లీగ్‌లో, ఉత్తమ ఆటగాడు, ఐదో ఏడు ఆడుతున్నాడు, ఏ గోలకూ బెదరడు. అతన్ని మా డాజువాన్ హ్యారిస్ ఆపగలిగితే సగం పని అయినట్టే. హ్యారిస్ 2022లో ఛాంపియన్లయిన జట్టును నడిపినవాడు. అప్పటి ఫైనల్ కూడా నార్త్ కరోలినాతోనే. సగం ఆటకు 15 పాయింట్లు వెనకబడి 72-69తో గెలిచాం. వాళ్లు దాన్ని మరిచిపోయి ఉండరు. 1957 ఫైనల్‌లో వాళ్ల చేతిలో మూడు అదనపు సమయాల తర్వాత ఒక్క పాయింటుతో ఓడింది విల్ట్ చేంబర్లిన్ ఆడిన మా జట్టే; దాన్ని మేమూ మరిచిపోలేదు.

గత సీజన్‌లో మాకు దూరం నుంచి బంతిని బుట్టలో వేసేవాళ్లు కరువయ్యారు. అందుకే కొత్తవాళ్లను తెచ్చుకున్నాం. రైలన్ గ్రిఫెన్ మార్చిలో నార్త్ కరోలినాను ఇంటికి పంపిన అలబామా జట్టులోనివాడు. అందరికన్నా నేను ఎదురుచూస్తున్నది జీక్ మేయో కోసం. ఈ ఊరి పిల్లవాడు, లారెన్స్ హైస్కూల్లో ఆడాడు. సౌత్ డకోటా స్టేట్‌లో పేరు తెచ్చుకుని చివరి ఏడాదికి ఇంటికి వచ్చాడు. ఉదయం కాఫీ దుకాణంలో పక్క బల్ల దగ్గరి పెద్దాయన అతన్ని చిన్నప్పటి నుంచి చూశానని చెబుతుంటే కళ్లు తడి అయ్యాయి.

అయితే కొత్తవాళ్లంతా ఒకరికొకరు అలవాటు పడటానికి వారం సరిపోదు. రెండో సగంలో మా ఆధిక్యం కరిగే సమయం ఒకటి తప్పక వస్తుంది. ఆ పది నిమిషాలూ ఫీల్డ్‌హౌస్ జట్టును మోయాలి. ఐదారు పాయింట్ల తేడాతో కాన్సాస్ గెలుస్తుందని నా నమ్మకం. గెలిస్తే కోచ్ బిల్ సెల్ఫ్‌కు ఇక్కడ 590వ విజయం, ఫాగ్ అలెన్‌తో సమానం. అలెన్ పేరు పెట్టుకున్న కట్టడంలో, అలెన్ శిష్యుడు పెంచిన జట్టు మీద అది జరగాలని కోరుకుంటున్నాను.

తమ్ముడు ఇప్పుడే విద్యార్థుల పత్రిక రెండు ప్రతులు పట్టుకొచ్చాడు. ఆటకు ముందు దాన్ని చింపి విసరడం ఇక్కడి ఆనవాయితీ. ఎప్పుడు చింపాలో మళ్లీ అడుగుతున్నాడు. అవతలి జట్టు పేర్లు చదివినంతసేపూ ముఖానికి అడ్డం పెట్టుకుని చదువుతున్నట్టు ఉండాలి, మనవాళ్ల వంతు రాగానే చింపి పైకి విసరాలి అని చెప్పాను. ఒక ప్రతి మడిచి కోటు జేబులో పెట్టుకుని, బయలుదేరుదామా అంటూ గుమ్మం దగ్గర నిలబడ్డాడు.