లెయోవీల్ బార్టన్ 2010: మూడో సీసా తెరిచాక

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి, అంటే కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే దుకాణం, నడపబట్టి ముప్పై రెండేళ్లు. బస్తాలో చెయ్యి పెట్టి రెండు కాయలు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, సరుకు కోల్డ్ స్టోరేజీలో ఉందా, బయట షెడ్డులో మగ్గిందా, నెమ్ము ఎంతుందో చెప్తాను. రంగు, వాసన, నిల్వ. మా బేరం నడిచేది ఈ మూడింటి మీదే. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఒక రెడ్ వైన్ గురించి రాయడానికి కూర్చుంటే అవే మూడు మాటలు ముందుకొస్తున్నాయి.

మా బిడ్డ, అల్లుడు ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో ఉంటారు. 2016లో వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు ఒకరోజు రైల్లో వైన్‌లకు పేరుపడ్డ బోర్డో నగరానికి తీసుకెళ్లారు. అక్కడి షాపులో లెయోవీల్ బార్టన్ 2010, అంటే ఆ తోట 2010 పంటతో చేసిన వైన్, మూడు సీసాలు కొన్నాను. ఒక్కోటి నూరు యూరోలకు కొంచెం పైనే పడింది. ఒకటి ఆ వారమే టూలూజ్‌లో తాగాం. రెండోది నాతో పాటు హన్మకొండ వచ్చింది. మూడోది అల్లుడి అపార్ట్‌మెంట్ కింద నేలమాళిగలో పడుకోబెట్టి వచ్చాను. 2025 సంక్రాంతికి వస్తూ వాళ్లు దాన్ని తెచ్చారు. ఈ రివ్యూ ముఖ్యంగా ఆ మూడో సీసా గురించి.

ముందు ఈ వైన్ ఎక్కడిదో చెప్పాలి. బోర్డోకు ఉత్తరాన, జిరోండ్ నదీముఖం ఎడమ గట్టున మెడోక్ ప్రాంతం ఉంది. అందులో సెయింట్ జులియన్ అనే చిన్న ఊరు దీనిది. నేలంతా గులకరాళ్లు, నీరు నిలవదు. కాబర్నే సావిన్యోన్ ద్రాక్షకు అలాంటి నేలే కావాలి. ఈ వైన్‌లో ఎక్కువ పాలు దానిదే, తర్వాత మెర్లో. ఒకప్పుడు లెయోవీల్ ఒకటే పెద్ద ఎస్టేట్. ఫ్రెంచి విప్లవం తర్వాత ముక్కలైంది. ఇప్పుడు లాస్ కాజ్, ప్వాఫెరే, బార్టన్ అని మూడు పేర్లతో ఉంది. ఐర్లండ్ మూలాలున్న హ్యూ బార్టన్ 1826లో తన పాలు కొన్నాడు, ఇప్పటికీ అది ఆ కుటుంబం చేతిలోనే ఉంది. లేబుల్ మీద కనిపించే భవనం నిజానికి పక్కనే ఉన్న లాంగోవా ఎస్టేట్‌ది. అదీ వాళ్లదే.

అడ్తి మనిషిని కాబట్టి నాకు బాగా నచ్చిన సంగతి వేరే ఉంది. 1855లో పారిస్ ఎగ్జిబిషన్ కోసం బోర్డో వైన్‌లకు ఐదు గ్రేడ్లు కట్టింది అక్కడి బ్రోకర్లు. రుచి పోటీ పెట్టలేదు, ఏళ్ల తరబడి మార్కెట్లో ఏ తోట సరుకు ఎంత పలికిందో చూసి రాశారు. అందులో లెయోవీల్ బార్టన్‌ది రెండో గ్రేడ్. 1973లో మూటన్ రోత్‌షీల్డ్ అనే తోట రెండు నుంచి ఒకటికి ఎక్కింది తప్ప ఆ లిస్టు దాదాపు అలాగే ఉంది. ఇప్పటికీ తోటకూ వ్యాపారికీ మధ్య బ్రోకర్ ఉంటాడట, 2 శాతం కమీషన్. కొత్త వైన్ ఇంకా పీపాల్లో ఉండగానే బేరం తెగుతుందట. అల్లుడు ఇదంతా చెప్తుంటే మన యార్డు కబుర్లు విన్నట్టే ఉంది.

మొదటి సీసా 2016లో, అంటే ఆరేళ్ల వయసులో తెరిచాం. నల్లగా, దట్టంగా, గ్లాసు అవతల వేలు కనబడనంత రంగు. నోట్లో పోసుకుంటే వగరు. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకున్నట్టు చిగుళ్లు బిగుసుకుపోయాయి. లోపల పండు ఉందని తెలుస్తోంది కానీ బయటికి రావట్లేదు. "తొందరపడ్డాం మామయ్యా" అన్నాడు అల్లుడు. నిజమే.

ఆ వగరునే టానిన్ అంటారు. ద్రాక్ష తొక్క, గింజ, కొంత ఓక్ పీపా నుంచి వస్తుంది. కాబర్నే కాయ చిన్నది, తొక్క మందం, కాబట్టి వగరు ఎక్కువ. పైగా 2010లో అక్కడ వేసవి పొడిగా గడిచింది, రాత్రుళ్లు చల్లగా ఉన్నాయి. ఎండకు తొక్క గట్టిపడింది, చల్లదనానికి పులుపు నిలిచింది. అంతకుముందు ఏడు 2009 వేడి ఏడు, ఆ వైన్‌లు మెత్తగా, చిన్న వయసులోనే బాగుంటాయి. 2010వి బిరుసు. అవి దాచుకోవడానికే పుట్టినవి. ఏళ్లు గడిచేకొద్దీ టానిన్, రంగు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవవుతాయి, కొంత బరువెక్కి మడ్డిగా అడుగున కూర్చుంటుంది. అప్పుడు రంగు పలచబడుతుంది, వగరు మెత్తబడుతుంది. అప్పటిదాకా వైన్‌ను నిలబెట్టేది పులుపు.

రెండో సీసా విషయంలో తప్పు నాదే. హన్మకొండలో పై అంతస్తు గదిలో, చెక్క అల్మారాలో బట్టల మధ్య పెట్టాను. చీకటిగా ఉంటుంది కదా అనుకున్నాను. మూడు ఎండాకాలాలు గడిచాయి. మే నెలలో బయట నలభై నాలుగు డిగ్రీలుంటే, స్లాబు కింద ఆ గది ఎలా ఉంటుందో మన ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు. 2019 దసరాకు తెరవబోతే పై రేకు తిరగలేదు, కింద జిగురు. కార్క్ గోరంత పైకి లేచి ఉంది. గ్లాసులో పోస్తే అంచున ఇటుక రంగు, వాసన ఉడికిన ఎండుద్రాక్ష, రుచిలో ప్రాణం లేదు. ఏడాదంతా ఏసీలో ఉంచిన మిర్చినీ, షెడ్డులో రంగు వెలిసిన మిర్చినీ పక్కపక్కన పెట్టి ధర చెప్పే నేను ఈ పని చేశానే అని చాలా రోజులు బాధపడ్డాను. ఈ వైన్‌కు 12 నుంచి 14 డిగ్రీలు, చీకటి కావాలి. కార్క్ ఎండకుండా సీసాను పడుకోబెట్టాలి. వరంగల్‌లో వైన్ ఫ్రిజ్ లేకుండా ఇలాంటిది దాచొద్దు. కొంటే ఆ ఏడాది చలికాలంలోనే తాగేయండి.

ఇక మూడోది. సంక్రాంతికి రెండు రోజుల ముందే సీసా నిలబెట్టాం, మడ్డి దిగడానికి. మా బిడ్డ సెల్‌ఫోన్ టార్చి వేసి సీసా మెడ వెనక పట్టుకుంది, అల్లుడు గాజు కూజాలోకి నెమ్మదిగా వంచాడు. చివర రెండు వేళ్ల వైన్ ఉండగా టార్చి వెలుగులో సన్నని నల్ల పొడి పొగలా కదిలి మెడ దాకా వచ్చింది. "ఆపండి, వస్తోంది" అంది బిడ్డ. ఆపేశాడు.

రెండు గంటలు గాలికి పెట్టాం. మధ్యమధ్య వాసన చూస్తూనే ఉన్నాను. మొదట అల్లనేరేడు, బాగా పండి చేతికి అంటుకునేంత. తర్వాత చెక్కిన పెన్సిల్ పొట్టు, దేవదారు చెక్క. గంటన్నరకు కాల్చని చుట్ట పొగాకు, వాన పడ్డ మట్టి. ఆరేళ్ల వయసులో ఇవేవీ లేవు. రంగు ఇంకా నడిమధ్య నల్లగానే ఉంది, అంచున మాత్రం కొంచెం దానిమ్మ రంగు మొదలైంది. పద్నాలుగేళ్లకు ఇంత రంగు నిలవడం నేను ఊహించలేదు.

నోట్లో వగరు ఉంది, కానీ బిగదీయదు. సన్నని ఇసుకలా నాలుక మీద పరుచుకుంటుంది. మింగాక నేరేడు రుచి నోట్లో నిమిషం పైనే ఉంది. తీపి లేదు, ఎవరినీ బుజ్జగించే వైన్ కాదు. మెత్తగా, గుటుక్కున దిగిపోవాలనుకునేవాళ్లకు ఇది నచ్చదు, ఆ ధర దండగ అనిపిస్తుంది. నాకు ఆ నిలకడే నచ్చింది.

తిండి సంగతి. మా ఇంటామె నాటుకోడి పులుసు పెట్టింది. ఒక ముద్ద తిని గుటకేస్తే వైన్ చేదెక్కి నోరు మండింది. కారం పడితే వగరు, ఆల్కహాలు రెండూ ఎక్కువ అనిపిస్తాయి. జీవితమంతా మిర్చి మీద బతికినవాణ్ణి, అయినా చెప్తున్నాను, దీనితో మిర్చి వద్దు. ఉప్పు, వెల్లుల్లి, కొద్దిగా మిరియం రాసి పెనం మీద కాల్చిన మేక చాప్స్ పెట్టుకున్నాం. కొవ్వు తగలగానే వగరు కరిగి పండు ముందుకొచ్చింది. "బాపూ, ఇప్పుడు వేరే వైన్‌లా ఉంది" అంది మా బిడ్డ.

ఎప్పుడు తాగాలి అంటే, బాగా నిల్వ ఉన్న 2010 ఇప్పుడు తెరవొచ్చు, రెండు గంటలు గాలికి పెట్టాలి. తొందర లేనివాళ్లు ఇంకో ఐదారేళ్లు ఆగండి. నా అంచనాలో 2040 దాటాక కూడా కూలిపోదు. ఆ మాట ధైర్యంగా అనడానికి కారణం ఆ రాత్రి కూజాలో మిగిలిన గ్లాసెడు. మళ్లీ సీసాలో పోసి కార్క్ పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాం. వయసు అయిపోయిన వైన్ ఒక్క రాత్రి గాలికే చచ్చిపోతుంది. కనుమ నాడు సాయంత్రం బయటికి తీసి చల్లదనం పోయాక ముగ్గురం తలా రెండు గుక్కలు తాగాం. వగరు ఇంకొంచెం తగ్గింది, నేరేడు ముందురోజు కంటే నిండుగా ఉంది.