అమ్మోనియా గుల్లను గుర్తుపట్టడానికి ఈ జూమ్ స్టీరియో మైక్రోస్కోప్ సరిపోతుందా?

విజయవాడలో సైన్స్ పరికరాల దుకాణాల్లో కాలేజీ ల్యాబుల కోసమని అమ్మే 0.7–4.5 జూమ్ స్టీరియో మైక్రోస్కోప్ ఇది. పది రెట్ల ఐపీసులతో 7 నుంచి 45 రెట్ల దాకా పెద్దది చేసి చూపిస్తుంది. ఫొరామినిఫెరాను, అంటే గుల్ల కట్టుకునే సూక్ష్మ ఏకకణ జీవుల్ని, ప్రజాతి (జీనస్) వరకూ తేల్చడానికి చాలు. అమ్మోనియా వాటిలో ఒక ప్రజాతి, వాయువు కాదు. జాతి (స్పీషీస్) పేరు కూడా దీంతోనే పెట్టేస్తామంటే కుదరదు.

సూర్యలంక ఇసుకో, నాగాయలంక మడ బురదో 63 మైక్రాన్ల జల్లెడలో సన్నటి ధారకింద కడిగి, 50 డిగ్రీలు దాటకుండా ఆరబెట్టి, నల్లటి ట్రేలో పలచగా చల్లాలి. అడుగు లైటు వెలిగిస్తే అన్నీ నల్ల చుక్కలే. పరికరం పైలైటు నిట్టనిలువుగా పడి గుల్లలోని గదుల మధ్య గీతల్ని చెరిపేస్తుంది. ఈ పరికరానికి అసలు లోపం ఇదే. ఒక టేబుల్ లైటును ఎడమ పక్క నుంచి బాగా కిందికి వంచి పెడితే గీతల్లో నీడ పడుతుంది. గుల్ల గాజులా మెరిసిపోతుంటే మిఠాయిల్లో వేసే ఆకుపచ్చ రంగును నీళ్లలో కలిపి, కుంచె మొనతో ఒక్క బొట్టు తాకించి, టిష్యూతో అద్దేయండి. రంగు గీతల్లోనే మిగిలి ఎన్ని గదులున్నాయో తెలుస్తుంది.

ఇక గుల్లను తడి కుంచెతో తిప్పి రెండు వైపులా చూడాలి. అమ్మోనియాకు ఒకవైపు చుట్లన్నీ కనిపిస్తాయి, రెండో వైపు చివరి చుట్టు మాత్రమే. రెండు వైపులా ఒకేలా ఉండి, గీతల మీద చిన్న చిన్న వంతెనలుంటే అది ఎల్ఫీడియం అనే మరో ప్రజాతి. అంచున మూడు ముళ్లుంటే ఆస్టెరోరొటాలియా అనే ఇంకో ప్రజాతి. జల్లెడలో మోటుగా రుద్దితే ఆ ముళ్లు విరిగిపోయి అమ్మోనియా లెక్కలో పడిపోతుంది. అంచున విరిగిన మొదళ్లున్నాయేమో వెతకండి.

పాత స్లైడ్ల మీద రొటాలియా బెక్కారీ, స్ట్రెబ్లస్ బెక్కారీ అని ఉంటే కంగారొద్దు, రెండూ ఇప్పటి అమ్మోనియా బెక్కారీయే. జీవులకు శాస్త్రీయ పేర్లు పెట్టిన లినేయస్ 1758లో దీన్ని నాటిలస్ (పెద్ద గుల్ల ఉండే సముద్ర జీవి) అన్నాడు, అర మిల్లీమీటరు ప్రాణిని! శాస్త్రవేత్త లామార్క్ 1804 నాటి రొటాలియాకు ఆధారం పారిస్ ప్రాంతపు ఇయోసీన్ అనే పాత భూయుగపు శిలాజం, కాబట్టి అది వేరే ప్రజాతి. అమ్మోనియా ఆ తర్వాతి మయోసీన్ యుగం నుంచి నేటిదాకా ఉంది.

జాతుల దగ్గరే చిక్కు. 2004లో డీఎన్ఏ ఆధారంగా అమ్మోనియాలో 13 రకాలు తేల్చారు. వాటిని ఆకారంతో విడదీయాలంటే రంధ్రాల వ్యాసం లాంటివి కొలవాలి, దానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపే దిక్కు. ఇరవై రెట్ల ఐపీసులు కొంటే 90 రెట్లు వస్తుంది కానీ వెలుతురు బాగా చస్తుంది.

బతికున్నవి లెక్కపెట్టేవాళ్లు లీటరు ఆల్కహాల్‌కు 2 గ్రాముల రోజ్ బెంగాల్ (జీవపదార్థానికి గులాబీ రంగు పట్టించేది) కలిపి, అందులో నమూనాను కనీసం 14 రోజులు నానబెట్టాలి. చూసేటప్పుడు తెల్ల లైటు వాడండి. పసుపు వెలుతురులో తుప్పు మరకకూ లేత గులాబీకీ తేడా తెలియదు. చచ్చిన కొన్నాళ్ల వరకూ జీవపదార్థం రంగు పీల్చుకుంటూనే ఉంటుందని కూడా గుర్తుంచుకోండి.

మన తేమకు లెన్సులకు బూజు పడుతుంది. ప్లాస్టిక్ కవరు కప్పి వదిలేయకుండా సిలికా జెల్ వేసిన పెట్టెలో పెట్టండి. కొనేటప్పుడు రూపాయి నాణెం మీద ఒక అంకెకు 45 దగ్గర ఫోకస్ కుదిర్చి, 7 దాకా జూమ్ తగ్గించండి. అంకె మసకబారినా, ఒక కంటికి పక్కకు జరిగినా ఆ పీసు వద్దు, ఇంకోటి తెరిపించండి.