గ్లోబల్ సర్ఫేస్ వాటర్ ఎక్స్‌ప్లోరర్: నీటి విధానం రాసేవారు ముందుగా చూడవలసిన పటం

ఒక చెరువు ఒకప్పుడు ఎంతవరకు విస్తరించి ఉండేదో, ఏ నెలల్లో ఎండిపోయేదో తేల్చడానికి జ్ఞాపకాలు తప్ప వేరే ఆధారం లేకపోతే, నీటి విధానంపై వాదనలు ఒక పట్టాన తెగవు. ఐరోపా కమిషన్‌కు చెందిన జాయింట్ రిసెర్చ్ సెంటర్, గూగుల్ సహకారంతో రూపొందించిన ఈ ఉచిత సేవ ఆ లోటును చాలావరకు తీరుస్తుంది. 1984 నుంచి అమెరికా భూపరిశీలక ఉపగ్రహాలైన ల్యాండ్‌శాట్‌లు తీసిన దాదాపు 30 లక్షల చిత్రాలను విశ్లేషించి, 30 మీటర్ల గడి ఒక్కొక్కదానిలో నీరు ఎప్పుడు ఉందో, ఎప్పుడు లేదో గుర్తించిన పరిశోధన దీనికి పునాది. అది 2016లో నేచర్ పత్రికలో వెలువడింది.

ఇందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది మార్పు తీవ్రతను చూపే పటం. 1984–1999 మధ్యకాలాన్ని తరువాతి సంవత్సరాలతో పోల్చి, నీరు తగ్గినచోట ఎరుపు, పెరిగినచోట ఆకుపచ్చ, మార్పు లేనిచోట నలుపు రంగు వేస్తారు. పటంలో మధ్య ఆసియాలోని అరల్ సముద్రం దగ్గరికి వెళ్లి చూస్తే, ఆము దర్యా, సిర్ దర్యా నదుల నీటిని పత్తి పొలాలకు మళ్లించాలన్న సోవియట్ కాలపు నిర్ణయం 1984 తరువాత కూడా ఎంత విస్తీర్ణాన్ని ఎండగట్టిందో ఆ ఎరుపే చెబుతుంది.

అయితే మొత్తం అంకెలను చదివేటప్పుడు జాగ్రత్త అవసరం. 1984–2015 మధ్య సుమారు 90,000 చదరపు కిలోమీటర్ల శాశ్వత జలవిస్తీర్ణం అంతరించగా, 1,84,000 చదరపు కిలోమీటర్లు కొత్తగా ఏర్పడింది. నీరు పెరిగిందని ఇక్కడ సంతోషించడం పొరపాటు. కొత్తదానిలో అధికభాగం ఆనకట్టలు కట్టి నింపిన జలాశయాలదే. పైగా నష్టంలో 70 శాతానికి పైగా పశ్చిమాసియా, మధ్య ఆసియాలలోనే జరిగింది. ఒకచోట కట్టిన ఆనకట్ట మరోచోట ఎండిన సరస్సుకు బదులు కాజాలదు.

లోపాలూ ఉన్నాయి. ఇది నీటి వైశాల్యాన్ని చూపుతుంది గాని లోతును, పరిమాణాన్ని చూపదు. భూగర్భజలం దీని పరిధిలోనే లేదు. ఇరుకైన కాలువలు, చిన్న కుంటలు 30 మీటర్ల గడిలో కలిసిపోతాయి. ఒక్కో ల్యాండ్‌శాట్ ఉపగ్రహం ఒకే చోటికి 16 రోజులకొకసారి వస్తుంది కనుక, ఆ రోజు మబ్బు పట్టి ఉంటే వరద ఉధృతి నమోదు కాకుండానే పోవచ్చు.

అందుచేత నీటి కేటాయింపులు నిర్ణయించేవారు దీన్ని ప్రవాహమాపకాల, పరిశీలక బావుల లెక్కలతో కలిపి వాడుకోవాలి. జలవనరుల హద్దులు నిర్ణయించడానికి, ఆక్రమణలను గుర్తించడానికి మాత్రం తొలి ఆధారంగా దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను.