భీమవరం ల్యాబ్‌లో హై-స్పీడ్ ఏడబ్ల్యూజీ: చాలాకాలం వాడాక

రెండు ఛానళ్లు, 14 బిట్, సెకనుకు 1.25 గిగాశాంపిళ్లు. ఈ అంకెలు చూసి మాత్రమే ఆర్బిట్రరీ వేవ్‌ఫామ్ జనరేటర్ (ఏడబ్ల్యూజీ, అంటే మనం ఇచ్చిన ఆకారంలో సిగ్నల్ పుట్టించే పరికరం) కొనకండి. లెక్క ప్రకారం శాంపిల్ రేటులో సగం, 625 మెగాహెర్ట్జ్ దాకా రావాలి గానీ 500 దగ్గరే సిగ్నల్ 2.4 డీబీ పడిపోతుంది. డాక్ (అంకెల్ని వోల్టేజీగా మార్చే చిప్పు) ఒక్కో శాంపిల్‌ని తర్వాతిది వచ్చేదాకా పట్టి ఉంచుతుంది కదా, అదీ కారణం. వేవ్‌ఫామ్ ఫైలులోనే ఆ తరుగు సరిదిద్దుకుంటే 400 దాకా బెంగలేదు.

మా ల్యాబ్‌లో దీని ముఖ్యమైన పని 12 బిట్ ఏడీసీ చిప్పుల (వోల్టేజీని అంకెలుగా మార్చేవి) టెస్టింగ్. వాటి ఆదర్శ ఎస్‌ఎన్‌ఆర్ (నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్ ఎంత) 74 డీబీ, 14 బిట్ డాక్‌కి కాగితం మీద 86. సరిపోతుందనిపిస్తుంది. కానీ యాంప్లిఫైడ్ అవుట్‌పుట్‌లో రెండో, మూడో హార్మోనిక్‌లు (సిగ్నల్‌కి రెండింతలు, మూడింతల ఫ్రీక్వెన్సీలో వచ్చే కల్తీ) మైనస్ 60 డీబీ చుట్టుపక్కలే తిరుగుతుంటాయి. అంటే చిప్పుని వదిలేసి జనరేటర్‌నే కొలుస్తున్నట్టు. డైరెక్ట్ అవుట్‌పుట్ తీసుకుని బ్యాండ్‌పాస్ ఫిల్టర్ (కావలసిన ఫ్రీక్వెన్సీనే వదిలేది), దాని వెనక 3 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ని తగ్గించేది) పెట్టండి. ఫిల్టర్‌తో హార్మోనిక్‌లు పోతాయి, జిట్టర్ (క్లాక్ టైమింగ్‌లో వణుకు) పోదు. 100 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌కి 1 పికోసెకండ్ జిట్టర్ ఉంటే ఎస్‌ఎన్‌ఆర్ 64 డీబీ దాటదు.

కోహెరెంట్ శాంప్లింగ్‌లో, అంటే తీసుకునే శాంపిళ్లలో సిగ్నల్ సైకిళ్లు సరిగ్గా పూర్ణసంఖ్యలో పట్టేలా చూడటంలో, తప్పేది రెండు చోట్ల. ఏడీసీ క్లాక్ 100 మెగాహెర్ట్జ్, 4096 శాంపిళ్లు, 431 సైకిళ్లు అనుకుంటే ఇన్‌పుట్ 10.5225 మెగాహెర్ట్జ్ దగ్గర పడుతుంది. ఆ నిడివి 40.96 మైక్రోసెకన్లు, కాబట్టి ఏడబ్ల్యూజీ మెమరీలో సరిగ్గా 51200 శాంపిళ్లు నింపాలి. రౌండ్ ఫిగర్‌గా 50000 వేస్తే ప్రతి లూప్ చివరా వేవ్ తెగి, స్పెక్ట్రమ్ అడుగంతా పైకి లేస్తుంది. జనరేటర్, ఏడీసీ క్లాక్‌లని జతకలిపే 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్ కేబుల్ తగిలించకపోయినా సిగ్నల్ పక్క బిన్‌లలోకి (స్పెక్ట్రమ్‌లోని పక్క గడుల్లోకి) కారిపోతుంది.

చిప్పులు కాలిపోయేది మాత్రం లోడ్ సెట్టింగ్ దగ్గర. 50 ఓమ్‌లకి 1 వోల్ట్ పెట్టి, అవతల హై ఇంపీడెన్స్ ఇన్‌పుట్ ఉంటే 2 వోల్టులు వెళ్తుంది. 1.2 వోల్టుల చిప్పు తట్టుకోదు. బోర్డు మీద 50 ఓమ్‌ల టర్మినేషన్ (లైను చివర రెసిస్టర్) ఉందో లేదో ముందు మల్టీమీటర్‌తో చూడండి.

రెండు ఛానళ్లూ కలిపి వాడేటప్పుడు కేబుళ్లు ఒకే కొలతలో ఉండాలి. టెఫ్లాన్ కేబుల్లో 1 సెంటీమీటర్ తేడా అంటే దాదాపు 48 పికోసెకన్ల ఆలస్యం.

ఇక మన గోదావరి డెల్టా సంగతి. రొయ్యల చెరువుల ఏరియేటర్లు ఒక్కసారిగా ఆన్ అయినప్పుడు ఫీడర్ వోల్టేజీ కుంగుతుంది. ఆన్‌లైన్ యూపీఎస్ తప్పనిసరి, మామూలుది చాలదు. రీస్టార్ట్ అయితే లోడ్ చేసిన వేవ్‌ఫామ్ పోయినట్టే. ఏసీ ఆపి వెంటనే కిటికీలు తెరిస్తే చల్లటి కనెక్టర్లకి చెమ్మ పడుతుంది, కాబట్టి వాడని ఎస్‌ఎంఏలకి (మర బిగించే చిన్న కేబుల్ కనెక్టర్లకి) మూతలు పెట్టాలి. ఇత్తడివైతే బిగించే టార్క్ 0.56 న్యూటన్ మీటర్లు చాలు. రైసు మిల్లు దగ్గరుంటే ఫ్యాన్ జాలీ చూస్తుండండి, ఊక దుమ్ము భలే పట్టేస్తుంది. ఆన్ చేశాక అరగంట ఆగకుండా యాంప్లిట్యూడ్ రీడింగు నమ్మొద్దు.