మొదట కొనేది ఇత్తడి మైక్రోస్కోపా, బారోమీటరా?

విక్టోరియా రాణి కాలం (1837–1901) నాటి సైన్స్ పరికరాల మీద మనసు పడ్డవాళ్ళు మొదట ఆగేది మూడింటి దగ్గర: సెక్స్‌టెంట్ (ఓడలో సూర్యుడు, నక్షత్రాల ఎత్తును డిగ్రీల్లో కొలిచేది), బారోమీటర్ (గాలి ఒత్తిడి కొలిచేది), మైక్రోస్కోప్.

సెక్స్‌టెంట్ సంగతి ముందే తేల్చేస్తాను. అలంకారానికి ఈమధ్య చేసిన ఇత్తడి నకళ్ళు బజారు నిండా ఉన్నాయి. మంచి అసలుదానికి వెండి పట్టీ మీద వెంట్రుకంత సన్నని డిగ్రీల గీతలుంటాయి. ఆ తేడా కంటికి పట్టేదాకా దాని జోలికి పోవద్దు.

బారోమీటర్లలో పాదరసంది గోడకు అందమే. కానీ విమానంలో తేలేం, పగిలితే ఆవిరి విషం, పిల్లలున్న ఇంట్లో టెన్షన్. అందుకే అనెరాయిడ్ మేలు. లోపలి గాలి తీసేసిన పల్చటి లోహపు డబ్బీ, బయటి ఒత్తిడిని బట్టి నొక్కుకుపోతూ ముల్లును తిప్పుతుంది. 1844లో ఫ్రాన్స్‌కు చెందిన లూసియన్ విదీ పేటెంట్ తీసుకున్న ఉపాయం ఇది.

చిక్కేమిటంటే, దాని డయల్ మీది 'రెయిన్', 'చేంజ్', 'ఫెయిర్' ఇంగ్లండు వాతావరణానికి రాసినవి. సుమారు 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్‌లో ఒత్తిడి దాదాపు 28 అంగుళాలే (పాదరసం ఎత్తు లెక్కలో), సముద్రమట్టం దగ్గర 30. వెనక స్క్రూతో సరిచేయకపోతే ముల్లు ఎండాకాలంలోనూ 'స్టార్మీ' దగ్గరే కూర్చుంటుంది. సరిచేసినా, తుఫాను లేని రోజుల్లో మన దగ్గర అది కదిలేది చాలా తక్కువ. లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో ఉంటే మాత్రం బారోమీటరే కొనుక్కోండి. అక్కడ రోజూ చూడబుద్ధవుతుంది. విశాఖ, మచిలీపట్నం వాళ్ళకూ తుఫాను రోజుల్లో దాని విలువ తెలుస్తుంది.

మిగతా అందరికీ నా ఓటు మైక్రోస్కోప్‌కే. ఎందుకంటే అది ఇప్పటికీ పని చేస్తుంది. 1858లో లండన్ మైక్రోస్కోపికల్ సొసైటీ ఆబ్జెక్టివ్ (చూసే వస్తువు వైపు ఉండే లెన్స్) బిగించే స్క్రూ చుట్లకు ఒకే కొలత ఖాయం చేసింది. ఆ తర్వాతి మంచి ఇంగ్లీషు మైక్రోస్కోప్‌లలో చాలావాటికి ఈనాటి కాలేజీ ల్యాబ్ ఆబ్జెక్టివ్ (160 మి.మీ. పొడవు ట్యూబుకు చేసింది) చక్కగా బిగుస్తుంది. అంటే పాత లెన్స్ పోయినా పరికరం పోదు. పావెల్ అండ్ లీలండ్ లాంటి పెద్ద పేర్ల వెంట పడకండి, ధర అందదు. బెక్ కంపెనీ విద్యార్థుల కోసం చేసిన సాదా రకం మొదటిదానికి చాలు.

ఇత్తడి మెరుపు చూసి మోసపోవద్దు. దాని బంగారు రంగు లక్క పూతది. బిందెను చింతపండుతో తోమినట్టు తోమితే పూత పోతుంది, విలువా పోతుంది. మసకగా, మచ్చలతో ఉన్నదే కొనండి. మహాగని పెట్టె కూడా ఉంటే ఇంకా మంచిది.

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని గుర్తించిందీ ఆ రోజుల మైక్రోస్కోప్‌లోనే. చెమటకు స్క్రూలు తుప్పుపట్టాయనీ, మిగిలిన ఒక్క ఐపీసూ (కన్ను ఆనించి చూసే లెన్స్) పగిలిందనీ ఆయనే రాసుకున్నాడు. మీరు కొనేముందు చూడాల్సినవీ అవే: స్క్రూ తిరుగుతోందా, ఐపీస్‌లో చీలిక, బూజు ఉన్నాయా, ఫోకస్ చేసిన ట్యూబు దానంతటదే కిందికి జారుతోందా.

ఇక్కడ కొని విదేశానికి తీసుకెళ్ళాలనుకుంటే ఆగండి. 1972 పురావస్తు చట్టం వందేళ్ళు దాటిన వస్తువులను దేశం దాటనివ్వదు. అక్కడ ఉండేవాళ్ళు అక్కడే కొనుక్కోవడం మంచిది.