కారు ఎలక్ట్రికల్ కోర్సుకు ఫీజు కట్టబోతున్నవారికి హెచ్చరిక

హైదరాబాదులో ఆటోమొబైల్ ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ పనిని మొదటి నుంచి నేర్చుకోవాలని స్వల్పకాలిక కోర్సుల కోసం వెతుకుతున్నవారు, డబ్బు చెల్లించే ముందు నాకు జరిగినది ఒకసారి చదవాలని కోరుతున్నాను. నేను ఉప్పల్ వైపు పదకొండేళ్లుగా ద్విచక్ర వాహనాల మరమ్మతు షెడ్డు నడుపుతున్నాను. 2020 ఏప్రిల్‌లో వాహన కాలుష్యానికి సంబంధించిన బీఎస్-6 నిబంధనలు వచ్చిన తరువాత బైకుల్లో సైతం కార్బురేటర్ల స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షన్, సెన్సర్లు, ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే చిన్న కంప్యూటరు) చేరాయి. ఇంజిన్ విప్పి బిగించడంలో ఎప్పుడూ తడబడని నేను, వైరింగ్ కిట్టు తెరిచి చూసినప్పుడు మాత్రం చేయి వేయడానికి భయపడేవాడిని. ఆ భయం పోవాలనే, కార్ల పని కూడా మొదలుపెట్టాలనే ఆశతో అమీర్‌పేట పరిసరాల్లోని ఒక ప్రైవేటు శిక్షణ కేంద్రంలో 45 రోజుల కోర్సుకు 32,000 రూపాయలు ఒకేసారి కట్టాను.

పది వాహనాలపై ప్రత్యక్ష శిక్షణ, ప్రతి విద్యార్థికీ విడిగా వోల్టులు, ఓమ్‌లు కొలిచే మల్టీమీటరు, బండిలోని లోపాలను చదివే స్కానర్ మీద రోజూ సాధన, చివర్లో ప్రభుత్వ గుర్తింపు ఉన్న డిప్లొమా అని వారి కరపత్రంలో ఉంది. చేరిన తరువాత చూస్తే రెండో అంతస్తులోని ఒక గదిలో 26 మందికి కలిపి ఒకే మల్టీమీటరు, ఒక చెక్క పలకకు బిగించిన హెడ్‌లైటు, హారను, నాలుగు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు) ఉన్నాయి. ఆ భవనానికి కింద పార్కింగు స్థలం కూడా లేదు. బండిని ఎక్కడ పెట్టి చూపిస్తారని ఫీజు కట్టే రోజునే నేను అడిగి ఉండాల్సింది.

మొదటి వారం చెప్పినవి తప్పు కాదని నిజాయితీగా ఒప్పుకోవాలి. 60 వాట్ల హెడ్‌లైటు బల్బు 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు తీసుకుంటుందని, ఎర్ర ఫ్యూజు 10 ఆంపియర్లదని, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 అని, రిలేలో 85, 86 కాయిల్ కాళ్లని, 30కి వచ్చిన కరెంటు కాయిల్ లాగినప్పుడు 87కు వెళుతుందని చెప్పారు. ఇవన్నీ బోర్డు మీద చూసి పుస్తకంలో ఎక్కించుకున్నాం. ఆ వారంలో ఒక్కరోజు కూడా ఎవరి చేతికీ రిలే ఇచ్చి, నువ్వే కలిపి హారను మోగించు అని మాత్రం అనలేదు.

వాహనం లేదని అందరం గట్టిగా అడిగేసరికి, ఎవరిదైనా కారు ఉంటే తీసుకురమ్మన్నారు. నేను షెడ్డు పనుల కోసం వాడుకునే 2012 నాటి పాత చిన్న కారును తొమ్మిదో రోజు తీసుకెళ్లి సందు చివర నిలిపాను. బ్యాటరీని ఛార్జి చేసే డైనమో పని చేస్తోందో లేదో తెలుసుకునే పద్ధతి చూపిస్తానని శిక్షకుడు ఇంజిన్ స్టార్ట్ చేయించి, 10 నంబరు స్పానరుతో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ బోల్టు వదులు చేసి, ఇంజిన్ నడుస్తుండగానే దాన్ని పైకి లాగేశారు. ఇంజిన్ ఆగలేదు కనుక డైనమో బాగుందని చెబుతుండగానే, మీటరు బోర్డులోని దీపాలు ఒక్కసారి తెల్లగా మెరిసి ఇంజిన్ ఆగిపోయింది. టెర్మినల్ మళ్లీ బిగించి తాళం తిప్పితే సెల్ఫ్ తిరిగింది గాని బండి అందుకోలేదు. తాళం ఆన్ చేయగానే వెలగవలసిన చెక్ ఇంజిన్ లైటు అసలు వెలగనే లేదు, స్కానరు కూడా కలవలేదు. ఈసీయూ పోయింది.

ఇది నా దురదృష్టం అనుకుని వదిలేయగలిగితే ఈ పోస్టు రాసేవాడిని కాదు. ఎలక్ట్రానిక్స్ లేని పాత బళ్ల కాలం నుంచి ఈ పద్ధతి మెకానిక్‌ల మధ్య నడుస్తూ వస్తోంది, ఇప్పటికీ చాలా షెడ్లలో చేస్తున్నారు. నడుస్తున్న ఇంజిన్‌లో బ్యాటరీ కేవలం కరెంటు నిల్వ చేసే డబ్బా కాదు. డైనమో నుంచి వచ్చే ఎగుడుదిగుడులను అదే మింగుతుంది. ఛార్జింగ్ కరెంటు ప్రవహిస్తుండగా బ్యాటరీని ఉన్నట్టుండి తప్పిస్తే, డైనమో రోటర్‌లోని అయస్కాంత శక్తి వెంటనే తగ్గదు కనుక అర సెకను కూడా పట్టని ఆ కాలంలో వోల్టేజీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. దాన్ని అణచే రక్షణ లేని వ్యవస్థలో అది వంద వోల్టుల దగ్గరి దాకా వెళ్లగలదు. 12 వోల్టుల కోసం తయారైన ఈసీయూ, మీటరు బోర్డు, మ్యూజిక్ సిస్టమ్ అప్పుడు బతికి బయటపడితే అదృష్టమే. సరైన పద్ధతికి స్పానరు అక్కర్లేదు. మల్టీమీటరును డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టి బ్యాటరీ రెండు టెర్మినళ్ల మీద ఆనిస్తే, బండి చాలాసేపు ఆపి ఉంచినప్పుడు నిండు ఛార్జి బ్యాటరీ దాదాపు 12.6, ఇంజిన్ నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య చూపాలి. డైనమోను కంప్యూటరే నియంత్రించే కొత్త బళ్లలో ఈ అంకె కొంత అటూ ఇటూ అవుతుంది.

మరో రెండు విషయాలు కూడా చెప్పాలి, ఎందుకంటే అవే తప్పులు నేర్చుకుని వెళ్లిన 25 మంది రేపు మీ బళ్ల మీద చేయి వేస్తారు. సెన్సర్ వైర్లను బల్బు ఉన్న టెస్ట్ ల్యాంపుతో పొడిచి చూడమని నేర్పారు. 5 వాట్ల బల్బు దాదాపు 0.4 ఆంపియర్లు లాగుతుంది. 5 వోల్టుల సెన్సర్ సర్క్యూటు అంత కరెంటు ఇవ్వడానికి తయారైనది కాదు. అక్కడ వాడవలసింది డిజిటల్ మల్టీమీటరే. బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి సమాచారం పంచుకునే రెండు తీగల క్యాన్ లైన్ గురించి చెబుతూ రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి కనుక మీటరులో 240 రావాలన్నారు. అవి రెండూ సమాంతరంగా ఉంటాయి కనుక బ్యాటరీ తీసేసి, స్కానరు తగిలించే ఓబీడీ కప్లర్‌లోని 6, 14 నంబర్ల పిన్నుల మధ్య కొలిస్తే 60 దగ్గర రావాలి. నా కారు ఈసీయూను మరమ్మతుకు విప్పి ఇచ్చినప్పుడు ఆ పిన్నుల మధ్య 120 వచ్చింది, అది తిరిగి బిగించిన రోజున 60.4 వచ్చింది. ఒక రెసిస్టరు ఈసీయూ లోపలే ఉందన్న సంగతి నాకు ఆ రెండు అంకెలతో తెలిసింది.

ఈసీయూ మరమ్మతుకు 17,500 రూపాయలు, ఆరు రోజులు పట్టాయి. కేంద్రం యాజమాన్యం, మీ బండి పాతది కనుక అది ఎలాగూ పోయేదేనని చెప్పి చేతులు దులుపుకుంది. మిగిలిన కోర్సు వద్దు, ఫీజులో కొంతైనా ఇవ్వమంటే రసీదు వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న ‘ఫీజు వాపసు లేదు’ అన్న వాక్యం చూపించారు. డిప్లొమాకు గుర్తింపు ఏ సంస్థ ఇచ్చిందని అడిగితే గోడకు ఉన్న ఉద్యమ్ నమోదు పత్రాన్ని, ఐఎస్ఓ 9001 సర్టిఫికెట్‌ను చూపించారు. మొదటిది ఎవరైనా తమ చిన్న వ్యాపారాన్ని ఉచితంగా నమోదు చేసుకుంటే వచ్చే పత్రం. రెండోది సంస్థ నిర్వహణ పద్ధతికి సంబంధించినది. ఈ రెండింటిలో ఏదీ కోర్సుకు గుర్తింపు కాదు. గుర్తింపు ఉన్న చదువే కావాలనుకునేవారికి ఐటీఐలలో మెకానిక్ మోటార్ వెహికల్ వంటి ట్రేడ్‌లు ఉన్నాయి. ఐటీఐ ట్రేడ్ సర్టిఫికెట్‌ను కేంద్ర ప్రభుత్వ శిక్షణ డైరెక్టరేట్ జనరల్ (డీజీటీ) ఇస్తుంది.

నేను చివరికి పని నేర్చుకుంటున్నది రామంతాపూర్‌లో ఒక పెద్ద వయసు ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర. ఆదివారాలు మాత్రమే వెళతాను. రెండో ఆదివారం సెల్ఫ్ బరువుగా తిరుగుతున్న ఒక సెడాన్ వచ్చింది. వేరేచోట బ్యాటరీ మార్చమన్నారని యజమాని చెప్పాడు. పెద్దాయన మీటరు నా చేతికిచ్చి, “తమ్మీ, బ్యాటరీ తర్వాత చూద్దువు, ముందు ఎర్తు చూడు” అన్నారు. నల్ల ప్రోబు బ్యాటరీ నెగటివ్ పోల్ మీద, ఎర్రది ఇంజిన్ బ్లాకు మీద పెట్టించి సెల్ఫ్ కొట్టించారు. దాదాపు సున్నా ఉండవలసిన చోట 1.1 వోల్టులు వచ్చింది. బ్యాటరీ నెగటివ్‌ను ఇంజిన్‌కు కలిపే ఎర్త్ స్ట్రాప్‌ను బ్లాకుకు బిగించిన బోల్టు విప్పితే కింద పచ్చగా చిలుము పట్టి ఉంది. ఎమెరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించి మళ్లీ కొలిస్తే 0.12 వచ్చింది, సెల్ఫ్ కూడా చురుగ్గా తిరిగింది. కొత్త బ్యాటరీ ఖర్చు లేకుండా యజమాని వెళ్లిపోయాడు. ఆ పది నిమిషాల్లో నాకు అర్థమైనది, 32,000 కట్టిన చోట తొమ్మిది రోజుల్లో అర్థం కాలేదు.

కాబట్టి ఏ కేంద్రమైనా సరే, ఫీజు కట్టే ముందు ఒక పూర్తి పూట నడుస్తున్న తరగతిలో కూర్చోనివ్వమని అడగండి. ఒప్పుకోకపోతే అక్కడితో ఆపేయండి. బోనెట్ తెరిచిన బండి ఉందా, విద్యార్థుల చేతుల్లో మీటర్లు ఉన్నాయా అన్నది కళ్లారా చూడండి. నడుస్తున్న ఇంజిన్‌కు బ్యాటరీ తీసి డైనమో పరీక్షించవచ్చా అని శిక్షకుడిని అడగండి; అవును అంటే ఆయన దగ్గర నేర్చుకోవద్దు. చివరి రెండు రోజుల్లో ఎలక్ట్రిక్ కార్లు కూడా నేర్పిస్తామనే మాట నమ్మి ఎక్కువ కట్టవద్దు. ఆ బళ్ల నారింజ రంగు కేబుళ్లలో ఉండే వందల వోల్టులు ప్రాణం తీయగలవు. ఇన్సులేటెడ్ గ్లవ్స్ కూడా లేని గదిలో దాన్ని ఎవరూ నేర్పలేరు. డబ్బు విడతలుగా మాత్రమే కట్టి, కరపత్రాన్ని, రసీదును, వాట్సాప్ సందేశాలను దాచుకోండి. నేను వాటితోనే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే అక్కడ దాఖలు రుసుము ఉండదు, ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంటుంది.

ఫిర్యాదు నడుస్తున్నందున కేంద్రం పేరు ఇక్కడ రాయడం లేదు. అదే కరపత్రంతో, అదే పది వాహనాల మాటతో వారి కొత్త బ్యాచ్ వచ్చే సోమవారం మొదలవుతోందని నిన్న గోడ మీద చూశాను. అటువంటి చోట ఇప్పటికే డబ్బు కట్టేసినవారు ఉంటే, కనీసం మీ సొంత బండిని మాత్రం తరగతికి తీసుకెళ్లకండి.