కోతుల గన్: మూడు యాసంగులు వాడాక దాని వెనక రంధ్రం గురించి

చేలల్లో దిగే కోతుల్ని మోతతో బెదరగొట్టే కోతుల గన్ ఎట్లా ఉంటుందో మా వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు. వరంగల్ నుంచి నర్సంపేట పోయే దారిలో రోడ్డు పక్కన కట్టలు కట్టి నిలబెట్టి అమ్ముతుంటారు. పీవీసీ పైపు, వెనక గ్యాస్ లైటర్, లోపల కార్బైడ్ ముక్క, నాలుగు చుక్కల నీళ్లు, ఢాం. నేను చెప్పదలుచుకున్నది వెనక మూత దగ్గర ఉండే చిన్న రంధ్రం గురించి. మూడేళ్లలో మూడు గన్‌లు కొన్నాను. పైపు ఒకటే రకం, లైటర్ ఒకటే రకం, ధర కూడా పది ఇరవై రూపాయలు అటూ ఇటూ. తేడా అంతా ఆ రంధ్రంలోనే ఉంది. అమ్మే పిల్లగాణ్ణి అడిగితే "గాలికి పెట్టినమన్నా" అన్నాడు. అంతకు మించి అతనికీ తెలియదు.

మాది ఎకరం పది గుంటల మక్క చేను. ఒక పక్క చెరువు కట్ట, మిగతా వైపుల చింతచెట్లు. కంకి పాలు పట్టే రోజుల్లో తెల్లారగట్ల ముప్పై నలభై కోతులు దిగుతాయి. తినేది ఒక కంకి, విరిచి పారేసేది పది. పల్లికాయ, కూరగాయలు మా ఊర్లో చాలామంది ఈ కోతుల వల్లే మానేశారు. బాపు వడిసెలతో మంచె మీద కూచునేవాడు. ఆయన భుజం నొప్పి మొదలయ్యాకే మొదటి గన్ తెచ్చాను.

దాని రంధ్రంలో పెన్సిల్ దూరేది. కొలిస్తే 6 మిల్లీమీటర్లకు పైనే ఉంది. ఒక్కసారి కూడా మొరాయించలేదు, లైటర్ నొక్కగానే అంటుకునేది. ఆ సీజన్‌లో ఊరంతా తిరిగి మెచ్చుకున్నది దాన్నే. కానీ మూతి నుంచి గట్టిగా రావాల్సిన మోత సగం వెనక నుంచే పోతుండేది. ప్రతి దెబ్బకూ రంధ్రంలోంచి జానెడు మంట వచ్చేది. నా పాత చొక్కా కుడి చెయ్యి మీద మాడిన మచ్చలు ఇంకా ఉన్నాయి. అప్పుడు అది గన్ స్వభావమే అనుకున్నాను.

అందుకే రెండోసారి చిన్న రంధ్రం ఉన్నది ఏరి మరీ తెచ్చుకున్నాను. గుండుసూది కంటే కొంచెం పెద్దది, అంతే. మొదటి వారం ఎంత సంబరపడ్డానో చెప్పలేను. మోత చెరువు అవతలి గట్టుకు తగిలి తిరిగొచ్చేది. వెనక మంట లేదు, చెయ్యికి సెగ లేదు. మా బావకు ఫోన్ చేసి, "బావా, నువ్వు కూడా చిన్న బొక్క ఉన్నదే తీసుకో, పెద్దది దండుగ" అని చెప్పాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

కార్బైడ్‌కు నీళ్లు తగిలితే ఎసిటిలిన్ గ్యాస్ వస్తుంది, దాంతో పాటు సున్నం మిగులుతుంది. తెల్లగా, పెరుగు మీగడలాగా ఉంటుంది ఆ సున్నం. పది దెబ్బలయ్యేసరికి పైపు లోపలి గోడలకు పేరుకుంటుంది. పెద్ద రంధ్రానికి అది లెక్క కాదు. చిన్న రంధ్రం మాత్రం ఒక పూటలో పూడిపోతుంది, రాత్రికి ఎండి రాయి అవుతుంది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున. మంచు ఇంకా విడవలేదు. చింతచెట్ల మీంచి గుంపు దిగింది. ముక్క వేశాను, నీళ్లు పోశాను, లైటర్ నొక్కాను. టిక్. ఏమీ లేదు. టిక్, టిక్, టిక్. గ్యాస్ తయారవుతోందని వాసన చెబుతూనే ఉంది, వెల్లుల్లి చితక్కొట్టిన వాసన. పాత గాలి బయటికి పోక, కొత్త గాలి లోపలికి రాక, పైపు నిండా గ్యాసే నిండింది. గాలి సరిపడా కలవకపోతే నిప్పురవ్వ పడ్డా అది అంటుకోదు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా కోతులు కంకుల్లో ఉన్నాయని.

గన్ మూతిని గట్టు మీద ఆనించి, పక్కనున్న తుమ్మ కొమ్మ నుంచి ముల్లు విరిచి రంధ్రంలో గుచ్చాను. తెల్లటి ముద్ద పురుగులాగా బయటికి వచ్చింది. ఇంకోసారి గుచ్చి తిప్పాను, బాగైందనుకున్నాను. చూద్దామని లైటర్ నొక్కాను. ఎడమచేతి బొటనవేలు ఇంకా రంధ్రం పక్కనే ఉంది. మూతి గట్టు మట్టిలో ఒక అంగుళం దిగబడి ఉంది. నేను ముల్లు తిప్పుతున్నంతసేపూ లోపలికి గాలి చేరింది.

మంట నీలంగా, సూదిలాగా వచ్చింది. బొటనవేలి మీద చర్మం అక్కడికక్కడే తెల్లబడింది. మోత చెవిలో ఇంకా గింగురుమంటుండగానే బాపు పరుగెత్తుకొచ్చి, "కండ్లు చూపియ్ బిడ్డా, కండ్లు చూపియ్" అని నా మొహం రెండు చేతులతో పట్టుకున్నాడు. కళ్లకు ఏమీ కాలేదు. వేలు మానడానికి మూడు వారాలు పట్టింది. గన్ కడుగుతుంటే మూత అతికిన చోట వెంట్రుకంత చీలిక కనబడింది. నీళ్లు పోయే పైపు అది, పేలుడు కోసం చేసింది కాదు. ఎండకు పెళుసెక్కిన పీవీసీ ముక్కలు ముక్కలుగా లేచిపోతుంది. ఆ గన్‌ను అదే రోజు కోసి పారేశాను.

ఆ ఎండాకాలం అక్క వాళ్లింటికి జగిత్యాల పోయినప్పుడు మేనల్లుణ్ణి తీసుకుని ఖిలాకు వెళ్లాను. అక్కడి ఫిరంగులు చిన్నప్పటి నుంచీ చూసినవే. ఈసారి మాత్రం మూతి వైపు చూడబుద్ధి కాలేదు, వెనక ఉన్న చెవి దగ్గరే నిలబడ్డాను. రంజకం, అంటే ముందుగా నిప్పందుకునే మందు, పోసి అంటించే రంధ్రం అది. మనిషి ఎత్తలేనంత ఇనుముకు నా చిటికెనవేలు కూడా పట్టని రంధ్రం. పెద్ద ఫిరంగులకు సైతం అది దాదాపు 5 మిల్లీమీటర్లే ఉండేదని తర్వాత చదివాను. తుపాకీ మందు వేడికి కాల్చినకొద్దీ ఆ రంధ్రం అరిగి పెద్దదవుతుందట, పెద్దదైతే బలం వెనక నుంచి పోతుందట. అందుకే యూరప్ ఫిరంగుల్లో అక్కడ రాగి గొట్టం బిగించేవాళ్లు, అరిగిపోతే అది మార్చుకుంటే చాలు. తుపాకీ మందు వేరు, కార్బైడ్ వేరు, నాకు తెలుసు. అయినా నా చొక్కా చెయ్యి మీది మచ్చలకు జవాబు అక్కడ దొరికినట్టు అనిపించింది.

మూడో గన్ కొనేటప్పుడు జేబులో అగ్గిపెట్టె పెట్టుకుపోయాను. ఒక్కో గన్ తీసి రంధ్రంలో అగ్గిపుల్ల పెట్టి చూశాను. వదులుగా దూరాలి, పక్కన ఇంకో పుల్ల మాత్రం పట్టకూడదు. సుమారు 3 మిల్లీమీటర్లు. పదకొండు గన్‌లలో అట్లాంటివి రెండే దొరికాయి. అమ్మే అతను చిరాకుపడ్డాడు కానీ తొందరపెట్టలేదు. ఇంకొకటి కూడా చూశాను. రంధ్రం పైకి కాకుండా కిందికి, మొహానికి అవతలి వైపు ఉండాలి. రెండింట్లో ఒక్కదానికే అట్లా ఉంది, అదే తెచ్చుకున్నాను.

రెండు యాసంగుల అనుభవంలో లేని నిమ్మళం ఈ మూడోదానితో ఉంది. మోత రెండోదానంత గట్టిగా లేదు, మొదటిదాని కంటే నయం. ప్రతి ఐదారు దెబ్బలకు ఒకసారి ఇనుప తీగతో రంధ్రం సాఫు చేస్తాను. అదీ ముందు గన్‌ను బక్కెట్ నీళ్లలో పూర్తిగా ముంచి, గ్యాస్ పోయాకే. తీగను పైపుకే దారంతో కట్టి ఉంచాను. మొరాయిస్తే పది నిమిషాలు దాని జోలికి పోను. ఈలోపు కోతులు పది కంకులు విరిస్తే విరవనీ.

మోత గురించి మాత్రం మొదట్లో అన్నంత ధైర్యంగా ఇప్పుడు అనలేను. మొదటి ఏడు ఢాం అనగానే గుంపు చెరువు దాటేది. ఈ ఏడు రెండు చెట్లు వెనక్కి జరిగి కూచుంటాయి. ముసలి ఆడకోతి ఒకటి లైటర్ టిక్ శబ్దానికే తల తిప్పుతుంది, మోత వచ్చేలోపే పిల్లను పొట్టకు కరిపించుకుని కొమ్మ మీద ఉంటుంది. జాగా మార్చి కాలిస్తే, మధ్యలో వడిసెల కూడా విసిరితే కొంత పని చేస్తోంది. నాలుగు రోజులు ఒకే మంచె నుంచి కాలిస్తే ఐదో రోజు దండుగే.

మా ఇంట్లో చిన్నపిల్లలు లేరు కాబట్టి ఇంత రాస్తున్నాను. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో ఇట్లాంటి గన్‌లతోనే ఎంతోమంది పిల్లల కళ్లకు దెబ్బలు తగిలాయి, కొందరికి చూపే పోయింది, అక్కడ వీటిని నిషేధించారు కూడా. పేలలేదేమిటని పైపులోకి తొంగి చూసినప్పుడే చాలా కళ్లు దెబ్బతిన్నాయి. ఆ వార్త చదివిన రోజు బాపు నా మొహం పట్టుకున్న చేతులు గుర్తొచ్చాయి. మేనల్లుడు సెలవులకు వచ్చినప్పుడు గన్‌ను, కార్బైడ్ డబ్బాను గడ్డివాము గదిలో పెట్టి తాళం వేస్తాను, తాళంచెవి నా మొలతాడుకే ఉంటుంది. పిల్లలున్న ఇంటివాళ్లు అడిగితే వద్దనే చెబుతున్నాను, రంధ్రం ఎంత సరిగ్గా ఉన్నా సరే. చేను ఊరికి ఆనుకుని ఉన్నవాళ్లకు కూడా అంతే. మా పక్క చేను ఆయన బర్రె ఒకసారి మోతకు బెదిరి పలుపు తెంపుకుంది, వారం రోజులు ఆయన నాతో మాట్లాడలేదు.

మొన్న బావ ఫోన్ చేసి, "అప్పుడు చిన్నది మంచిదన్నవు కదా, అదే కొన్న" అన్నాడు. కాల్చొద్దని చెప్పాను. ఆదివారం అగ్గిపెట్టె, తీగ పట్టుకుని వాళ్ల ఊరికి పోతున్నాను.